అద్దంలో పోయిన పదిహేనో క్వార్టరు

సోమవారం

ఈ రోజు నుంచి అద్దాల బల్ల నాది. ఈ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు రోజూ ఏం చేశారో రాసిపెట్టాలట. రాస్తున్నాను.

పొద్దున్నే మొదటి పని ఒక బీరువా. ఎవరిదో పడకగది, గోడవారన నిలువుటద్దం బీరువా. లేజరుకి అద్దమంటే ఏమిటో తెలియదు. కిరణం అద్దానికి తగిలి మళ్లి ఎదురుగోడను తాకితే, ఆ గోడ బీరువా వెనకాల ఉందనుకుంటుంది. అందుకే మా మిషను కట్టిన ఆ ఇంట్లో బీరువా తలుపు ఉండాల్సిన చోట ఒక గుమ్మం, గుమ్మం అవతల ఇంకో పడకగది, అందులో తిరగబడిన ఇంకో మంచం, ఇంకో దోమతెర. నేను ఆ గది చుట్టూ గీత గీసి, ‘ప్రతిబింబం’ అని రాసి తీసేశాను. తర్వాత ఒక టీవీ తెర. ఆ తర్వాత స్టీలు బిందెల వరస. ఒక్కో బిందెలో ఒక్కో చిన్న వంటిల్లు వంగిపోయి ఉంది. వాటిని తీసేయడానికి చేతులు రాలేదు. అయినా తీసేశాను.

బోర్డు మీద మా ఆఫీసు పేరు పునర్దర్శన కేంద్రం. జనం మాత్రం పాతిళ్ల హాలు అంటారు. లంకల్లో ఇళ్లను సముద్రం తీసుకోకముందు లేజరుతో కొలిచి పెట్టారు. ఇప్పుడు ఖాళీ హాల్లో కళ్లజోడు పెట్టుకుని నిలబడితే చుట్టూ ఆ ఇల్లు నిలువెత్తున లేస్తుంది. తిరగొచ్చు, కిటికీలోంచి చూడొచ్చు, ముట్టుకోలేం.

ఎండ ముదిరే వేళకి హాలు మూసి అందరం నేలమాళిగలోకి దిగాం. జొన్నసంగటి తింటూండగా మా అధికారి కృపాకర్ గారు నాకు పని చెప్పారు.

"చూడమ్మా తాయారూ, అద్దాల్ని చాలామటుకు మిషనే పట్టుకుంటుంది. అది వదిలేసినవి నువ్వు చూసుకోవాలి, అంతే. ఆ గది తియ్యకండీ అని జనం బతిమాలతారు. మొన్న ఒకాయన బీరువా వెనక గది ఉంచెయ్యమన్నాడు. పిల్లలకి విడిగా గది ఉండాలని జన్మంతా అనుకున్నాట్ట."

"పాపం, ఉంచేస్తే ఏం పోయిందండీ?"

"రేపు ఆయన మనవలు అదే నిజమనుకుంటారు కదమ్మా," అని ఆయన కంచం కడుక్కోవడానికి లేచారు.

బుధవారం

మౌనికగారని ఒక పెద్దావిడ వచ్చారు. డెబ్భై దాటి ఉంటారు. ఆ తరం ఆడవాళ్లవన్నీ ఇలాంటి సన్నటి పేర్లే, మౌనికలు, హారికలు, లిఖితలు. మా తరానికి మళ్లీ తాయారులూ సూరమ్మలూ వచ్చారు.

ఏనుగులంక చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో వాళ్లది పదిహేనో నంబరట. భర్త ఫ్యాక్టరీ ల్యాబులో చేసేవారు, పోయి చాలా కాలమైంది. కిందటి వానల నుంచీ ఆవిడ తన వంతు కోసం చూస్తున్నారు. మా జాబితాలో పధ్నాలుగు ఉంది, పదహారు ఉంది, పదిహేను లేదు. ముందు పక్కింట్లోకైనా తీసుకెళ్దామని ఆవిడకి కళ్లజోడు తొడిగి పధ్నాలుగు తెరిచాను.

చిన్న హాలు. చెక్క సోఫా, అద్దాలు లేని షోకేసు, కిటికీకి సగం జరిపిన కర్టెను. కొలిచిన రోజున వాన, కరెంటు లేదు. అందుకని రంగులేమీ పడలేదు. అంతా బూడిదరంగు చుక్కలతో అల్లినట్టు ఉంటుంది. అయినా మౌనికగారి మొహం విచ్చుకుంది.

"బ్లెస్సీ వాళ్లిల్లమ్మా ఇది! ఇదిగో, ఈ సోఫా కోడు ఊడిపోతే మా ఆయనే మేకు కొట్టేరు." చెయ్యి చాపి సోఫాని నిమరబోయి, ఏమీ తగలకపోతే నవ్వేసి, నేరుగా పక్కగోడ వైపు నడిచారు. "ఇటు మా ఇల్లు" అంటూనే ఆగిపోయారు.

గోడకి మనిషెత్తు అద్దం ఉంది. అందులో అదే సోఫా, అదే షోకేసు, అదే కర్టెను. మేమిద్దరం మాత్రం అందులో లేము.

"ఇక్కడ అద్దం ఎవరు పెట్టేరమ్మా?"

"అద్దం కాదాండీ ఇక్కడ?"

"అద్దవేంటి! ఇది గుమ్మం."

అప్పుడు చెప్పారు. ఆ క్వార్టర్లు జంట ఇళ్లు. రెండింటికీ నడుమ ఒకటే గోడ. ఒక ఇంటిని తిరగేసినట్టు రెండోది కట్టారు. మౌనికగారూ, పక్కింటి బ్లెస్సీగారూ ఒకే ఏడాది కొత్తకాపురానికి వచ్చారు. ఇద్దరి మొగుళ్లవీ షిఫ్టు డ్యూటీలు. చెరుకాడే క్రషింగ్ సీజన్లో రాత్రిళ్లు ఒక్కళ్లూ ఉండలేక, ఫ్యాక్టరీ ఇంజనీరుని బతిమాలి నడిమిగోడకి గుమ్మం కొట్టించుకున్నారు. తలుపు పెట్టించలేదు.

"కర్టెను కట్టేం గానీ అదెప్పుడూ పక్కకి దోపేసే ఉండేది. సోఫాలు ఒకే కొట్టులో కొన్నాం. షోకేసులు ఒకే వడ్రంగి చేసేడు. కర్టెన్లు ఒక్క తానులోవి. చూసినవాళ్లు నవ్వేవోరు, మీ ఆయనలు పొరపాటున ఇల్లు మారిపోతారే అని."

ఆవిడ నవ్వుతూనే కళ్లజోడు తీశారు. చుట్టూ ఖాళీ హాలూ సిమెంటు గచ్చూ చూసి నన్ను అడిగారు.

"మరైతే మా ఇల్లేదమ్మా?"

గురువారం

ఆ రోజు కొలిచినవాళ్లు రాసిపెట్టింది వెతికి చదివాను. అప్పటికే సందులోకి నీళ్లు వచ్చేశాయి. పదిహేనో నంబరు వీధితలుపు నానిపోయి ఉబ్బి రాలేదు. యంత్రాన్ని మళ్లీ జరిపే వ్యవధి లేక పధ్నాలుగులోనే నిలబెట్టి కొలిచి, పడవెక్కి వెళ్లిపోయారు. గుమ్మం ఊసే రాయలేదు. అంటే పదిహేనో ఇంట్లో మిగిలింది గుమ్మంలోంచి కనిపించినంత మేరే. దాన్ని మిషను చూసింది. అదే సోఫా, కాకపోతే తిరగబడింది. అదే షోకేసు, అదీ తిరగబడింది. అద్దమని తేల్చుకుని, అవతలిదంతా తీసేసి, గుమ్మాన్ని అద్దంతో మూసింది. నేను రోజంతా ఏం చేస్తున్నానో అదే చేసింది.

తీసేసిన చుక్కలు ఇంకా చెత్తబుట్టలో ఉన్నాయి. ఉగాదికి బుట్ట ఖాళీ చేస్తారు. ఉగాది ఎంతో దూరం లేదు.

కృపాకర్ గారికి చెప్పాను. ఆయన కాదనలేదు, అవుననీ అనలేదు.

"ఆవిడ అబద్ధం చెప్తున్నారని కాదమ్మా. బీరువా ఆయనా అబద్ధం చెప్పలేదు, నిజంగానే నమ్మేడు. అవతల ఉండి ఇవతల లేని వస్తువు ఒక్కటి ఆవిడ ముందుగా చెప్పాలి. నువ్వు దాన్ని ఆ చుక్కల్లో చూపించాలి. అప్పుడు సంతకం పెడతాను."

"ఫొటోలేమైనా ఉంటే..."

ఆయన నా వైపు చూశారు. నేనే నాలిక్కరుచుకున్నాను. ఆ కాలపు ఫొటోలు దాచిన కంపెనీలు పోయాయి, వాటితో ఫొటోలూ పోయాయి. మౌనికగారిని అడిగితే అదే అన్నారు. "రోజూ తీసుకునేవాళ్లం తల్లీ. తిన్న ఇడ్లీకి కూడా ఫొటోయే. ఇప్పుడు చూద్దావంటే ఒక్కటీ లేదు."

శనివారం

రెండు రోజులుగా మౌనికగారు నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. ఆవిడ గుర్తు చేసుకోవడం, నేను వెతకడం.

నిన్న మొదట పింగాణీ ఏనుగు అన్నారు. షోకేసు మీద తమకే ఉండేదట. వెతికితే ఏనుగు పధ్నాలుగులో ఉంది. "అవును కదూ, అది బ్లెస్సీదే. నాది పగిలిపోయింది" అని నవ్వారు. తర్వాత కిటికీకి దోమల వల అన్నారు. రెండిళ్లకీ ఉంది. కుట్టుమిషను అన్నారు. రెండిళ్లలోనూ ఉంది, అదీ ఎదురుబొదురుగా, గుమ్మానికి సమానదూరంలో.

టీ గ్లాసు ఆవిడ ఎడమచేత్తో పట్టుకోవడం అప్పుడు గమనించాను.

"ఎడమచేతివాటమాండీ మామ్మగారూ?"

"అవునమ్మా. అందుకే ఆ ఇల్లు నాకు భలే కుదిరింది. బ్లెస్సీ కుడిచేతికి ఏది అందేలా పెట్టుకుందో, నేను ఎడమచేతికి అదే పెట్టుకునేదాన్ని."

మిషను మోసపోవడంలో తప్పు లేదనిపించింది.

ఈ రోజు ఉయ్యాల సంగతి వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. స్లాబుకి ఉయ్యాల కొక్కెం ఉంటే అది ఒక్క ఇంట్లోనే ఉండి ఉండాలి కదా.

"ఉయ్యాల మాకు లేదమ్మా. బ్లెస్సీ వాళ్ల హాల్లో ఉండేది. మా హరిణి దాంట్లోనే పెరిగింది. బ్లెస్సీ ఊపుతూ పాటలు పాడేది, చర్చి పాటలు. ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి."

పధ్నాలుగు పైకప్పు అంతా వెతికాను. ఫ్యాను ఉంది. కొక్కెం లేదు.

లేదని చెప్పగానే ఆవిడ మొహం మారిపోయింది. అప్పటిదాకా పొరపాటు పడిన ప్రతిసారీ నవ్వారు. ఈసారి పమిట కొంగు వేళ్లకి చుట్టుకుంటూ ఉండిపోయారు.

"నేను చూసేనమ్మా. ఉయ్యాల ఊగుతుంటే చూసేను. అదీ లేదంటే... నాకు మతి పోతోందేమో. ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. మా ఇల్లు అసలు ఉండేదంటావా?"

ఉండేదన్నాను. అద్దం అవతలిది ఆ ఇల్లేనని చూపడానికి మాత్రం నా దగ్గర చుక్కంత ఆధారం లేదు.

బ్లెస్సీగారు ఎక్కడున్నారని అడిగాను. తూర్పు కాలనీలో ఉన్నారు, ఇక్కడికి దగ్గరే. మరి ఆవిడనే అడగొచ్చు కదా అంటే మౌనికగారు తల అడ్డంగా ఊపారు.

"మాటల్లేవమ్మా మాకు. లంక మునిగిపోతోందని మెట్టమీద ఇళ్లిచ్చినప్పుడు, ఇద్దరి పేర్లూ కలిపి రాసిస్తే పక్కపక్కనే ఇస్తామన్నారు. బ్లెస్సీ కాయితం పట్టుకొచ్చింది కూడాను. అప్పుడు మా హరిణికి నెలలు. కడుపులో బిడ్డకి బావులేదన్నారు. ఆస్పత్రి పక్కన ఇల్లుంది, తీసుకుంటారా అంటే అటు సంతకం పెట్టేసేను. బ్లెస్సీకి చెప్పలేదు. చెప్తే ఏడుస్తుందని చెప్పలేదు. గోడకి అంటించిన లిస్టులో చూసుకుంది."

ఆదివారం

వారంలో ఈ ఒక్కరోజే అన్నం. అమ్మ ముద్దపప్పు కూడా చేసింది. తినేసి కరెంటు తీగబండెక్కి తూర్పు కాలనీకి వెళ్లాను.

బ్లెస్సీగారు ప్రార్థన నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు, తెల్లచీర ఇంకా మార్చుకోలేదు. బక్కపల్చటి మనిషి, గొంతు మాత్రం ఖంగుమంటుంది. ఎక్కణ్ణుంచి వచ్చానో చెప్పగానే అడిగారు.

"ఆవిడ పంపించిందా?"

"లేదండీ. నేనే వచ్చాను."

"ఏ పనిమీద?"

"మౌనికగారి ఇంటిని మా మిషను మీ ఇంటి అద్దమనుకుందండీ. తుడిచేసింది."

ఆవిడ ముందు నవ్వారు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టేసరికి కోపం వచ్చేసింది.

"అద్దవేంటి? ఆవిడ ఇల్లు నా ఇంటికి అద్దవేంటి? పొద్దున్న లేస్తే నేను ముందు చూసేది ఆ ఇల్లే. నా ఇల్లు నాకెక్కడ కనబడేది? పొయ్యి దగ్గర నించుంటే ఆవిడ హాలే కనబడేది. అద్దంట!"

"తేడా ఏదైనా చెప్పగలరాండీ? ఆవిడ చెప్పినవేవీ దొరకలేదు. ఉయ్యాల కూడా చెప్పారు. మీ హాల్లో ఉండేదని."

"మా హాల్లోనా?" ఆవిడ నన్ను తేరిపారచూశారు. "అలా చెప్పిందా?"

"మీ హాల్లోనే ఉండేదనీ, మీరు ఊపుతూ పాడేవారనీ చెప్పారండీ."

బ్లెస్సీగారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డారు. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు తగ్గింది.

"మా స్లాబు కారేదమ్మాయ్. కొక్కెం తుప్పు పట్టి ఊడి కిందపడింది. నేను అప్పుడు కడుపుతో ఉన్నాను. మా జోయెల్ పుట్టేక ఉయ్యాల వాళ్ల హాల్లోనే కట్టేం. నేను ఫ్యాక్టరీ బడిలో చెప్పేదాన్ని. నేను బడికి పోతే నా కొడుకుని ఊపింది అదే. కుడిచేత్తో తాడు లాగుతూ ఎడంచేత్తో కూర తరిగేది, అలా ఎవరన్నా తరగ్గలరా? తర్వాత హరిణి పుట్టింది. సెలవల్లో నేను ఊపేదాన్ని. వాళ్ల హాల్లో కూచునే ఊపేను."

అప్పటిదాకా ‘ఆవిడ’ అన్న మనిషి ఎప్పుడు ‘అది’లోకి వచ్చేశారో ఆవిడకే తెలిసినట్టు లేదు.

తిరిగొస్తూ తీగబండిలో ఆలోచించాను. ఉయ్యాల పక్కన బ్లెస్సీగారు కూర్చుని ఉండటం మౌనికగారికి గుర్తుంది. బ్లెస్సీగారు ఎక్కడుంటే అది వాళ్లిల్లే అనుకుని ఉంటారు.

సోమవారం

పొద్దుటి నుంచీ చెత్తబుట్టలోనే ఉన్నాను. పైకప్పు వైపు మొదట ఏమీ దొరకలేదు. తర్వాత తట్టింది. గాలిలో ఒంటరిగా వేలాడే సన్నటి చుక్కల్ని మిషను దుమ్మనుకుని ముందే ఏరేస్తుంది. వానలో కొలిచినప్పుడు మరీ ఎక్కువ ఏరేస్తుంది. ఏరేసిన ఆ దుమ్మంతా వెనక్కి పోశాను.

తెర మీద హాలంతా నుసితో నిండిపోయింది. చెరుకుపిప్పి కాలిన నుసి ఆరేసిన బట్టల మీద పడేదని మౌనికగారు చెబుతుంటారు. అది ఇలాగే ఉండేదేమో. ఒక్కో పొరా జాగ్రత్తగా తీస్తూ పోయాను. మధ్యాహ్నం భోజనానికి వెళ్లలేదు.

అవతలి హాలు నడుమ, స్లాబు నుంచి కిందికి, చిటికెనవేలంత వంపు. కింద కొస పైకి తిరిగి ఉంది. ఇవతల పధ్నాలుగులో సరిగ్గా దాని ఎదుటి చోటు చూశాను. అక్కడ స్లాబు పెచ్చు లేచిన గుంట తప్ప ఏమీ లేదు.

కృపాకర్ గారిని పిలిచాను. ఆయన నా కుర్చీలో కూర్చుని ఆ వంపుని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశారు. ఇవతలి పైకప్పు చూశారు. మళ్లీ అవతలిది చూశారు.

"ఇది ముందుగా చెప్పిందెవరు?"

"పక్కింటావిడండీ. పధ్నాలుగో నంబరు."

"ఇవతల లేనిదాన్ని అద్దం చూపించదు కదా," అని తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు. "ఈ క్వార్టర్లు తయారుచేసినప్పుడు నేనిక్కడే ఉన్నానమ్మా. ఎవరం పైకి చూడలేదు." సంతకం పెట్టి, నా భుజం తట్టి వెళ్లిపోయారు.

నేను అద్దం తీసేశాను. గుమ్మం తెరుచుకుంది.

బుధవారం

మౌనికగారికి ఈ ఉదయం రమ్మని కబురు పెట్టాను. బ్లెస్సీగారికి రమ్మని చెప్పలేదు, ఎప్పుడు తెరుస్తామో మాత్రం చెప్పాను. హాలు తలుపు తీసేసరికి ఇద్దరూ బయట ఉన్నారు. బెంచీకి ఈ చివరొకరు, ఆ చివరొకరు.

మౌనికగారే ముందు మాట్లాడారు.

"వచ్చేవా బ్లెస్సీ."

"నీకోసం రాలేదు. నా కొడుకు ఉయ్యాల కట్టిన కొక్కెం చూసుకుందావని వచ్చేను."

ఇద్దరికీ కళ్లజోళ్లు ఇచ్చాను. ముందే చెప్పేశాను, గుమ్మంలోంచి కనబడినంతే ఉంది, మిగతా ఇల్లు లేదు, నన్ను ఏమీ అనుకోవద్దు అని. పధ్నాలుగులోంచి గుమ్మం దాకా నడిచారు. అక్కడ బ్లెస్సీగారు ఆగి, మౌనికగారిని ముందు వెళ్లనిచ్చారు.

సోఫా సగమే ఉంది. షోకేసు ఉంది. కుట్టుమిషను ఉంది. పైన కొక్కెం ఉంది. అక్కణ్ణుంచి లోపలికి అంతా ఉత్త బూడిదరంగు, పొగమంచులా. మౌనికగారు తల పైకెత్తి కొక్కెం కింద నిలబడ్డారు.

"మా ఇంట్లోదేనా ఇది? మరి నువ్వు కూచుని పాడేదానివి కదే."

"మీ ఇంట్లో కూచునే పాడేను. నీ సోఫాలో. స్ప్రింగు గుచ్చుకునేది కూడాను."

"చెప్పేదానివి కావుగా గుచ్చుకుంటోందని."

"నువ్వు చెప్పేవా?" బ్లెస్సీగారు టక్కున తిరిగారు. "హాస్పటల్ పక్కకి వెళ్లిపోతున్నానని చెప్పేవా? ఏం, చెప్తే ఏవయ్యేది?"

"ఏడుస్తావని..."

"ఏడ్చేదాన్ని. అంతేగా! నీ ఎదుట ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ లిస్టు దగ్గర అందరిలో నించుని ఏడ్చేనే మౌనీ. అది బావుందా?"

మౌనికగారు ఎడమచెయ్యి చాపి బ్లెస్సీగారి మోచెయ్యి పట్టుకున్నారు. ఆ హాల్లో ముట్టుకోవడానికి దొరికేది మనుషులొక్కరే. నేను గోడ దగ్గరికి జరిగి, మీటలేవో చూస్తున్నట్టు నటించాను.

కాసేపటికి వాళ్ల గొంతులు మళ్లీ వినిపించాయి. హరిణికి పుట్టిన పిల్ల ఎలా ఉందని బ్లెస్సీగారు అడుగుతున్నారు. బతికిందట, పెద్దదైందట, ఇప్పుడు నీళ్ల ఇంజనీరట. జోయెల్ సంగతి ఈవిడ అడుగుతున్నారు. ఆ తర్వాత సైరను, నుసి, ఫ్యాక్టరీ బళ్ల వెనక పరిగెత్తి పిల్లలు లాక్కొచ్చిన చెరుకుగడలు. ఒకరు మొదలుపెట్టిన మాట రెండోవారు పూర్తి చేస్తున్నారు.

"వంటింట్లోకి రా," అన్నారు మౌనికగారు.

"అటు లేదండీ మామ్మగారూ," అన్నాను నేను. "అటు ఏమీ కొలవలేదు."

ఆవిడ విన్నట్టు లేదు. ఇద్దరూ మోచేతులు పట్టుకునే ఆ బూడిదరంగులోకి నడిచారు. నాలుగు అడుగులు వేశారో లేదో, ఇద్దరూ ఒకే చోట, ఒకేసారి, కాలు కాస్త పైకెత్తి అవతల వేశారు. నేను జోడు తీసి చూశాను. అక్కడ సిమెంటు గచ్చు చదునుగా ఉంది.

"అక్కడ గడప ఉండేదాండీ?"

"ఏ గడపమ్మా?" అని మౌనికగారు వెనక్కి తిరిగారు. బ్లెస్సీగారు కూడా తిరిగి చూశారు. వాళ్లకి నా ప్రశ్న అర్థం కాలేదు.

"ఏం లేదండీ," అన్నాను.

వాళ్లు అప్పటికే పొయ్యి ఎటుండేదో వాదించుకుంటున్నారు. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని వాళ్ల వెనకాలే వెళ్లాను. ఆ చోటు దగ్గరికి రాగానే నేనూ కాలెత్తి దాటాను.